ఏడాది పొడవునా వేట: తగ్గాల్సినవి తగ్గవు, తగ్గకూడనివి మిగలవు

తెలుగు దినపత్రికల జిల్లా పేజీల్లో ఏటా తప్పకుండా కనిపించే వార్తలు రెండున్నాయి. అడవి పందుల గుంపు రాత్రికి రాత్రి మొక్కజొన్న చేనును నేలమట్టం చేసిందన్నది ఒకటి. పందుల కోసం పెట్టిన కరెంటు తీగ తగిలి, పొలానికి నీళ్లు పెట్టడానికి వెళ్లిన రైతు చనిపోయాడన్నది రెండోది. మొదటిదాన్ని వ్యవసాయ సమస్యగా చదువుతాం, రెండోదాన్ని ప్రమాదంగా చదువుతాం. అడపాదడపా ఉచ్చులో పడి చిరుతపులి చనిపోయిందనే మూడో వార్త వస్తే అది అటవీశాఖ వ్యవహారం అనుకుని పేజీ తిప్పేస్తాం. నిజానికి మూడూ ఒకే కథలో భాగాలు. అడవి అంచు పల్లెల్లో కాలం, లెక్క, ఎంపిక ఏవీ లేకుండా పన్నెండు నెలలూ సాగే వేట ఈ మూడింటినీ కలుపుతుంది. ఆ వేట మంచిదా చెడ్డదా అని నీతి కోణంలో తేల్చడానికి ముందు, అది అనుకున్న పని చేస్తోందా లేదా అని అడగడం మేలు. గత ఇరవై, ముప్పై ఏళ్లలో వన్యప్రాణి శాస్త్రం పోగుచేసిన ఆధారాలు చూస్తే జవాబు స్పష్టంగానే ఉంది. విరామం లేని వేట తాను తగ్గించాలనుకున్న జంతువును తగ్గించలేకపోతోంది. తగ్గకూడని జంతువులను మాత్రం తుడిచిపెడుతోంది. ఆ రెంటి మధ్య నష్టపోతున్నది పల్లెలో ఉండే మనిషే.

ముందు ఆ వేట ఎలా ఉంటుందో చూడాలి. చట్టం ప్రకారం మన దేశంలో వేట లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదట్లో కొన్ని జంతువుల వేటకు లైసెన్సులకు చోటిచ్చింది. 1991 సవరణతో ఆ దారి మూసుకుపోయింది. ఆ చట్టం దృష్టిలో వేట అంటే తుపాకీతో కాల్చడం ఒక్కటే కాదు. ఉచ్చు పెట్టడం, వల పన్నడం, ఎర వేయడం, తరమడం, గూళ్లు చెడగొట్టడం, వీటిలో దేనికి ప్రయత్నించినా వేటే. క్షేత్రంలో జరుగుతున్నది సరిగ్గా ఇదే. తుపాకీ శబ్దం చేస్తుంది, పట్టిస్తుంది. తీగ మాట్లాడదు. రెండు పొదల మధ్య జంతువులు రోజూ నడిచే సన్నని బాట చూసి, బైండింగ్ వైరునో పాత మోటార్‌సైకిల్ క్లచ్ వైరునో ముడి జారేలా చుట్టి, ఒక కొసను చెట్టు మొదలుకు కడతారు. తల దూర్చిన జంతువు ముందుకు లాగినకొద్దీ ముడి బిగుస్తుంది. పెట్టినవాడు అక్కడ ఉండనక్కర్లేదు. అతను మర్చిపోయినా ఉచ్చు తన పని మానదు. వానకు తుప్పు పట్టి తెగేదాకా నెలల తరబడి కాచుకునే ఉంటుంది. దానికి పందికీ దుప్పికీ, పోతుకూ చూలుదానికీ, వానాకాలానికీ వేసవికీ తేడా తెలియదు. సంవత్సరం పొడవునా వేట అనే మాటకు ఇంతకంటే నిక్కమైన రూపం లేదు.

వేటకు కాలం ఉండాలన్నది పర్యావరణ ఉద్యమాలు కొత్తగా తెచ్చిన ఆలోచన కాదు. వేటను వినోదంగా చూసిన బ్రిటిష్ పాలకులు కూడా 1912లో తెచ్చిన అటవీ పక్షుల, జంతువుల రక్షణ చట్టంలో నిషిద్ధ కాలం ప్రకటించే అధికారం ప్రాంతీయ ప్రభుత్వాలకు ఇచ్చారు. వాళ్లకు జంతువుల మీద జాలి పుట్టిందని కాదు, వచ్చే ఏడు వేటాడటానికి ఏమీ మిగలదన్న భయం అది. మన ఏజెన్సీలోనూ వేటకు పంచాంగం ఉంది. విశాఖ మన్యంలో చైత్రమాసపు ఇటుకల పండుగకు, గోదావరి ఏజెన్సీలో కోయల భూమి పండుగకు మగవాళ్లు విల్లంబులు పట్టుకుని అడవికి వెళ్లడం ఆచారం. దాన్ని సంరక్షణ శాస్త్రమని పొగడనక్కర్లేదు. కానీ అందులో మొదలూ చివరా ఉన్నాయి. కొన్ని రోజులు సాగి, తొలకరి పనులతో ఆగిపోతుంది. ఆ ఆగడంలోనే అసలు విషయం ఉంది. కౌజు పిట్ట నేల మీద గుడ్లు పొదిగే రోజులుంటాయి, దుప్పి కూన గడ్డిలో కదలకుండా పడుకునే రోజులుంటాయి, ఆడపులి పిల్లలను దాచిపెట్టి వేటకు వెళ్లే నెలలుంటాయి. అప్పుడు తల్లి చనిపోతే లెక్కలో ఒకటే తగ్గినట్టు కనిపిస్తుంది. కూనలతో కలిపి చూస్తే పోయేది ఒక ఈడు మొత్తం.

ఇంత వేట జరుగుతుంటే అడవి పందులు ఎందుకు తగ్గడం లేదు? జవాబు ఆ జంతువు దేహంలోనే ఉంది. పంది చూలు మోసేది దాదాపు నాలుగు నెలలే. ఒక ఈతకు నాలుగు నుంచి ఆరు పిల్లలు మామూలు. తిండి బాగా దొరికితే ఆడపిల్ల ఏడాది నిండకుండానే ఎదకు రాగలదు. మన వ్యవసాయం దానికి ఆ తిండి పెడుతోంది. పాలు పోసుకుంటున్న మొక్కజొన్న కంకి, నేలలో ఊరిన వేరుశనగ, చెరకు, దుంపకూరలు అడవిలో రోజంతా తవ్వినా దొరకని బలాన్ని ఒక్క రాత్రిలో ఇస్తాయి. ఉదాహరణకు ఒక ప్రాంతంలో వంద పందులున్నాయనుకుందాం. వాటిలో నలభై ఆడపందులు ఐదేసి పిల్లల్ని కంటే రెండు వందల పిల్లలు. సగం చచ్చిపోయినా మరో వంద మిగులుతాయి. అంటే సంఖ్య పెరగకుండా ఉన్నచోట ఉండాలన్నా ఏటా ఉన్నవాటిలో సగాన్ని తీసేయాలి. ఇది కాగితం మీది లెక్కే, అయితే మధ్య యూరప్‌లో పందుల మరణాలను లెక్కగట్టిన పరిశోధకులు ఇంతకంటే పెద్ద సంఖ్యే చెప్పారు. పెరుగుదల ఆగాలంటే వేసవి నాటి గుంపులో దాదాపు మూడింట రెండు వంతులు తగ్గాలని వాళ్ల అంచనా. చెదురుమదురు ఉచ్చులు, తీగలు ఆ హద్దు దరిదాపులకు కూడా చేరవు. గరికను పైపైన కోసినట్టు, కోత పడ్డచోటే మళ్లీ చిగురిస్తుంది.

ఆ చిగురు మునుపటి చిగురులా కూడా ఉండదు. ఫ్రాన్స్ తూర్పు భాగంలో షాతోవిలేన్ - ఆర్క్ ఆన్ బరోవా అనే అడవి ఉంది. సుమారు 11,000 హెక్టార్ల ఆ అడవిలో పందులకు చెవి పోగులు వేసి వదిలి, వేటలో చచ్చిన ప్రతి పందినీ తూచి, గర్భాశయం పరీక్షించి, పరిశోధకులు దశాబ్దాలపాటు లెక్కలు రాశారు. అక్కడ ఏ పందికైనా ఏడాదిలో వేటగాడి చేతిలో చచ్చే అవకాశం 40 శాతానికి పైనే, పెద్ద పోతులకైతే 70 శాతం దాకా. అయినా మంద పెరుగుతూనే వచ్చింది. వేట అంతగా లేని ఇటలీలోని కాస్తెల్‌పోర్జియానో అడవితో పోలిస్తే తేడా కళ్లకు కట్టింది. ఇటలీ అడవిలో ఒక తరానికీ తర్వాతి తరానికీ మధ్య సగటు ఎడం మూడున్నరేళ్లకు కాస్త పైన ఉంటే, ఫ్రెంచి అడవిలో అది రెండేళ్లు దాటి కొద్ది నెలలే. తొందరగా చావు రాబోతుంటే తొందరగా కనేదాని సంతానమే మిగులుతుంది. పరిణామ సూత్రం అంతే. 2011లో అదే అడవి నుంచి వచ్చిన మరో అధ్యయనం ఇంకో మెట్టు ముందుకెళ్లింది. 22 ఏళ్ల కాలంలో ఆ పందుల ఈత తేదీలు 12 రోజుల దాకా ముందుకు జరిగాయి. ముందు పుట్టిన పిల్ల వేట కాలం వచ్చేసరికి బరువెక్కుతుంది, ఆ ఏడే ఎదకు వస్తుంది, చచ్చేలోపు ఒక్క ఈతైనా ఈనుతుంది. అంటే వేట ఒత్తిడి ఆ పందిని అణచలేదు, ఇంకా వేగంగా సంతతి పెంచే పందిని తయారుచేసింది.

అసలు విరామమే లేకుండా, చట్టబద్ధంగా, మంచి తుపాకులతో, శిక్షణ ఉన్న వేటగాళ్లతో వేటాడితే ఫలితం వేరుగా ఉంటుందేమో అనవచ్చు. ఆ ప్రయోగం కూడా జరిగింది. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ భయంతో జర్మనీ 2018లో అడవి పందులకున్న నిషిద్ధ కాలాన్ని ఎత్తేసింది. 2019-20 వేట సంవత్సరంలో అక్కడ 8 లక్షల 80 వేలకు పైగా పందులు చచ్చాయి. ఆ దేశ చరిత్రలో అది రికార్డు. అయినా అక్కడ పందుల బెడద తీరిపోలేదు. ఒక విషయం గమనించాలి. జర్మనీ కాలాన్ని ఎత్తేసింది గానీ, పాలుతాగే పిల్లలున్న తల్లిని చంపకూడదన్న నియమాన్ని ఎత్తేయలేదు. వేటగాడు ముందు గుంపును చూడాలి, దాంట్లో తల్లి ఏదో పోల్చుకోవాలి, ఆ తర్వాతే ట్రిగ్గర్ నొక్కాలి. మన ఉచ్చుకు ఆ చూపు లేదు. జర్మనీలో కనీసం ఏ వయసువి, ఏ లింగానివి ఎన్ని చచ్చాయో లెక్క ఉంది. మన దగ్గర ఎన్ని చచ్చాయో చెప్పగల మనిషే లేడు, ఎందుకంటే చంపినవాడు ఆ సంగతి దాచుకోవాలి.

ఇక తగ్గకూడని జంతువుల వైపు చూస్తే దృశ్యం తలకిందులవుతుంది. చుక్కల దుప్పి ఏడెనిమిది నెలలు మోసి కనేది ఒక్క కూనను. కణితీ అంతే. అలుగు సాధారణంగా ఏడాదికి ఒక్క పిల్లనే కంటుంది, దాన్ని తోక మీద ఎక్కించుకుని తిరుగుతుంది. ఆడపులి రెండు మూడు పిల్లలు పెట్టినా, అవి సొంతంగా వేటాడటానికి ఒకటిన్నర నుంచి రెండేళ్లు పడుతుంది, ఆ లోపు తల్లి పోతే పిల్లలూ పోయినట్టే. పందికి ఒక్క ఏడాదిలో తీరే లోటు వీటికి అంత తొందరగా తీరదు. ఉష్ణమండల ప్రాంతాల్లో జరిగిన 176 అధ్యయనాలను కలిపి 2017లో ‘సైన్స్’ పత్రికలో వేసిన విశ్లేషణ ప్రకారం, వేట ఉన్నచోట్ల క్షీరదాల సంఖ్య వేట లేని చోట్లతో పోలిస్తే సగటున 83 శాతం, పక్షుల సంఖ్య 58 శాతం తక్కువగా ఉంది. ఊళ్లకు, దారులకు దగ్గరయ్యేకొద్దీ ఆ లోటు పెరిగింది. చెట్లు నిలబడే ఉంటాయి, ఉపగ్రహ చిత్రంలో అడవి పచ్చగానే కనిపిస్తుంది. లోపల నడిచేది ఏదీ ఉండదు.

తెలంగాణ ఉత్తర సరిహద్దు దీనికి మన కళ్లముందున్న ఉదాహరణ. మహారాష్ట్రలోని తడోబా, తిప్పేశ్వర్ అడవుల్లో చోటు చాలని పులులు పెన్‌గంగ, ప్రాణహిత దాటి కుమురం భీం ఆసిఫాబాద్, మంచిర్యాల జిల్లాలకు వస్తాయి. కవ్వాల్ పులుల అభయారణ్యం నిండాలంటే ఆ దారే దిక్కు. ఆ దారిలో పుట్టిన కే-4 అనే ఆడపులి నడుముకు ఉచ్చు తీగ బిగుసుకుపోయింది. చెన్నూరు అడవుల్లో ఆ తీగతోనే తిరుగుతూ కెమెరాలకు చిక్కింది, పట్టుకుని తీగ విప్పాలని అటవీశాఖ చేసిన ప్రయత్నాలు చాలాకాలం ఫలించలేదు. 2025 మే నెలలో పెంచికలపేట ప్రాంతంలో కే-8 అనే ఆడపులి కరెంటు తీగకు బలైంది. పులి ఒకటి చనిపోతే పత్రికలు రాస్తాయి, కేసు అవుతుంది. అదే తీగకు తగిలిన నక్క, ముళ్లపంది, కుందేలు, రేచుకుక్క గురించి ఎవరూ రాయరు. పంది మీద ఏదైనా సహజమైన అదుపు ఉందంటే అది పులి, చిరుత, రేచుకుక్కలది, పిల్లలను ఎత్తుకుపోయే నక్కలది, తోడేళ్లది. పందుల కోసమంటూ పెట్టిన తీగ పందుల శత్రువులను చంపుతోంది. దుప్పి, కణితి తగ్గిపోతే మిగిలిన పులి పశువుల మందవైపు చూస్తుంది. ఆవు పోయినవాడు కళేబరం మీద పురుగుమందు చల్లుతాడు. ఒక వేట ఇంకో రకం చావుకు దారి వేస్తుంది, ఆ దారి చివర పంది నిశ్చింతగా చేనులో మేస్తుంటుంది.

వేట జంతువుల సంఖ్యనే కాదు, వాటి గడియారాన్ని కూడా మారుస్తుంది. 2018లో ఆరు ఖండాల్లోని 62 రకాల క్షీరదాల మీద జరిగిన 76 అధ్యయనాలను గుదిగుచ్చి చూస్తే, మనిషి అలజడి ఉన్నచోట జంతువుల రాత్రి సంచారం సగటున 1.36 రెట్లయింది. పగలూ రాత్రీ సమంగా తిరిగే జంతువు తన తిరుగుడులో మూడింట రెండు వంతులను చీకటిలోకి మార్చుకుందన్నమాట. పందికి ఇది మరీ తేలిక, దానిది ముక్కుతో నడిచే బతుకు. ఇందులో నష్టం రైతుకు. పగలు వచ్చే జంతువును కేకతో, డప్పుతో, కుక్కతో తరమవచ్చు. నడిరాత్రి వచ్చేదాన్ని తరమాలంటే మంచె మీద మేలుకుని ఉండాలి. పగలంతా పని చేసిన మనిషి రెండు మూడు నెలలపాటు నిద్ర లేకుండా గడపాలి, చీకట్లో గట్ల మీద నడవాలి. పాము, ఎలుగుబంటి ఎదురయ్యేది అప్పుడే. పక్క చేనువాడు పెట్టిన తీగ కనబడకుండా కాలికి తగిలేదీ అప్పుడే. వేట పందిని రాత్రిలోకి నెట్టింది, పంది రైతును రాత్రిలోకి నెట్టింది.

ఆ తీగ దగ్గర ఏం జరుగుతుందో కొంచెం దగ్గరగా చూడాలి, ఎందుకంటే సోలార్ కంచె కూడా కరెంటే కదా అని చాలామంది అనుకుంటారు. ఇళ్లకు, మోటార్లకు వచ్చే కరెంటు సెకనుకు 50 ఆవృత్తాలతో ఆగకుండా పారుతుంది. చేతిగుండా ఆంపియర్‌లో వందో వంతుకు కాస్త ఎక్కువ పారినా కండరాలు బిగుసుకుపోతాయి, పట్టుకున్న తీగను వదలాలన్నా చెయ్యి మాట వినదు. గుండె మీదుగా ఆంపియర్‌లో పదో వంతు కొద్ది క్షణాలు పారితే గుండె లయ తప్పి, కొట్టుకోవడం మాని అదరడం మొదలుపెడుతుంది. పాత 60 వాట్ల బల్బు వెలగడానికి కావలసిన కరెంటులో అది సగం కూడా కాదు. తడి నేల, చెప్పుల్లేని కాలు ఉంటే పని ఇంకా సులువు. ఇంటి కరెంటుకే ఇంత ఉంటే, అడవి పక్కన పోయే 11 కేవీ లైన్‌కు తగిలించిన తీగ గురించి చెప్పనక్కర్లేదు. సోలార్ కంచె వేరు. బ్యాటరీకి తగిలించిన చిన్న యంత్రం వేల వోల్టుల తాకిడిని సెకనుకు ఒకసారి, అదీ సెకనులో వెయ్యో వంతు కంటే తక్కువ సేపు మాత్రమే పంపుతుంది. నొప్పి గట్టిగా తెలుస్తుంది, మళ్లీ తాకిడి వచ్చేలోపు వెనక్కి దూకే వ్యవధి ఉంటుంది. పైకి రెండూ ఒకేలా కనిపించే తీగలే అయినా, ఒకటి భయపెట్టడానికి చేసింది, మరొకటి చంపడానికి పెట్టింది. సోలార్ కంచె తీగకు నేరుగా ఇంటి కరెంటు కలిపితే అదీ చంపే తీగే అవుతుంది, ఆ పనీ జరుగుతోంది.

వేట వల్ల ఊరివాళ్లకు వచ్చే ముప్పు కరెంటు తీగలకే పరిమితం అనుకోవద్దు. తుపాకీ వేట చట్టబద్ధమైన ఫ్రాన్స్‌లో 2020 డిసెంబరులో తన ఇంటి దగ్గర కట్టెలు కొట్టుకుంటున్న పాతికేళ్ల యువకుణ్ణి ఒక వేటగాడు పంది అనుకుని కాల్చి చంపాడు. ఆ తర్వాత పల్లెవాసులు లేవదీసిన ఉద్యమం ఆ దేశ సెనేట్ దాకా వెళ్లింది. 2021-22 వేట కాలంలో అక్కడ 90 ప్రమాదాలు, 8 మరణాలు నమోదయ్యాయి, చనిపోయినవారిలో ఇద్దరు వేటగాళ్లు కారు. అక్కడి పల్లెల్లో వినిపించే డిమాండు వేటను రద్దు చేయమని మాత్రమే కాదు, వారంలో ఒక్క రోజైనా అడవి దారిలో భయం లేకుండా నడవనివ్వమని. వేటకు విరామం అంటే జంతువులకు ఊపిరి మాత్రమే అనుకుంటాం. పశువుల కాపరికి, తునికాకు ఏరే ఆడవాళ్లకు, ఇప్పపూలకు పోయే పిల్లలకు కూడా అది ఊపిరే.

ఇక్కడ రైతు వేసే ప్రశ్న న్యాయమైనది. పంట పోతుంటే శాస్త్రం చదువుతూ కూర్చోమంటారా అని అడుగుతాడు. కౌలుకు తీసుకుని, అప్పు తెచ్చి వేసిన రెండెకరాల వేరుశనగ ఒక్క రాత్రిలో పోతే ఆ కుటుంబానికి ఆ ఏడు లేనట్టే. పరిహారం కోసం తిరిగే తిరుగుడు, పెట్టే ఖర్చు చూసి చాలామంది దరఖాస్తే పెట్టరు. ఆ కోపాన్ని తేలిగ్గా తీసుకునే సంరక్షణ వాదం ఏదైనా పల్లెలో ఒక్క రోజు నిలవదు. కానీ అదే ప్రశ్నను వేట వైపు కూడా తిప్పి చూడాలి. ఇది నిజంగా పంట కాపాడే వేటే అయితే కంకి పాలు పోసుకున్నప్పటి నుంచి కోత దాకానే సాగాలి, చేను చుట్టూనే సాగాలి. ఏప్రిల్, మే నెలల్లో పొలాలు బోడిగా ఉన్నప్పుడు అడవి లోపల నీటి గుంటల దగ్గర ఉచ్చులు ఎందుకు దొరుకుతున్నాయి? పంట తినని అలుగు ఎందుకు పట్టుబడుతోంది? పట్టణాల్లో అడవి మాంసానికి పలికే ధర, పొలుసులకూ గోళ్లకూ ఉన్న దొంగ వ్యాపారం అసలు కారణం. రైతు కష్టం దానికి ముసుగు. ఆ వ్యాపారం లాభం ఊరి బయటికి పోతుంది, తీగ తగిలి చచ్చేవాడు, జైలుకు పోయేవాడు ఊళ్లోనే ఉంటాడు.

ఆదివాసుల సంగతేమిటన్నది రెండో అభ్యంతరం. 2006 అటవీ హక్కుల చట్టం భూమి మీద, అటవీ ఫలసాయం మీద హక్కులిచ్చినా వేట హక్కును స్పష్టంగా మినహాయించింది. పండుగ వేట చేసే గూడెం, వ్యాపారానికి తీగలు పెట్టే ముఠా చట్టం ముందు ఒకే గీత మీద నిలబడుతున్నాయి. ఆచారంలో భాగంగా ఏటా కొద్ది రోజులు జరిగేది, జనం చూస్తుండగా జరిగేది, ఊరి పెద్దల మాటకు లోబడినది ఒక వేట. ఎవరికీ తెలియకుండా, ఎంత చంపినా చాలదన్నట్టు సాగేది మరొకటి. జీవశాస్త్రం ప్రకారం చూసినా ఈ రెంటి ప్రభావం ఒకటి కాదు. పండుగ వేట కూడా దుప్పులు అరుదైపోయిన చోట కీడే చేస్తుంది, కాదనలేం. కానీ అడవి ఖాళీ కావడానికి మొదటి ముద్దాయిగా విల్లు పట్టినవాణ్ణి నిలబెట్టి, తీగ చుట్ట కొనిచ్చినవాణ్ణి వదిలేస్తే ఉచ్చులు తగ్గవు. పైగా ఏ బాటలో కొత్త ఉచ్చు పడిందో మొదట తెలిసేది గూడెంవాళ్లకే. వాళ్లను దూరం చేసుకున్న కాపలా గుడ్డి కాపలా అవుతుంది.

మూడో అభ్యంతరం ఎదుటి వైపు నుంచి వస్తుంది. అసలు చంపడమే తప్పు, నిషేధాన్ని గట్టిగా అమలు చేస్తే చాలు అంటారు కొందరు. ఈ మాట కూడా ఆధారాల ముందు నిలవదు. స్విట్జర్లాండ్‌లోని జెనీవా రాష్ట్ర ప్రజలు 1974లో ఓటు వేసి వేటను రద్దు చేసుకున్నారు. అయినా అక్కడ పందులు చస్తూనే ఉన్నాయి. చంపేది మాత్రం ప్రభుత్వ ఉద్యోగులైన వన సంరక్షకులు. పంట నష్టం ఉన్నచోట, రాత్రివేళ చూపునిచ్చే పరికరాలతో, ఏ పందిని తీయాలో చూసుకుని తీస్తారు. మన చట్టంలోనూ దారి ఉంది. మనుషుల ప్రాణానికో పంటకో ముప్పుగా మారిన రెండో షెడ్యూల్ జంతువును చంపడానికి సెక్షన్ 11 కింద అధికారి లిఖితపూర్వకంగా అనుమతి ఇవ్వవచ్చు. 2022 సవరణ తర్వాత అడవి పంది ఉన్నది ఆ షెడ్యూల్‌లోనే. ఇంకో దారి కూడా ఉంది, జంతువును కొంతకాలంపాటు చీడజంతువుగా ప్రకటించి రక్షణ తీసేయడం. 2015-16లో ఉత్తరాఖండ్‌లో పందులకు, బీహార్‌లో పందులకు, నీల్‌గాయిలకు కేంద్రం అలా చేసింది. హైదరాబాద్ నుంచి వెళ్లిన షూటర్లు మొకామా మైదానంలో వందల నీల్‌గాయిలను కాల్చారు. ఆ ఉత్తర్వు కాలం తీరిపోయింది, బీహార్ రైతుల మొర మాత్రం తీరలేదు. గంపగుత్త అనుమతి కంటే గురిచూసిన అనుమతి ఎందుకు మేలో ఇది చెబుతుంది.

కాబట్టి అడగాల్సినది వేట ఉండాలా వద్దా అని కాదు. ఎప్పుడు, ఎక్కడ, ఎవరు, దేనితో, ఏ లెక్కతో అన్నవి అసలు ప్రశ్నలు. పంట గింజ పట్టినప్పటి నుంచి కోత దాకా, చేను హద్దులోనే, అనుమతి, శిక్షణ ఉన్నవాడు తుపాకీతో, ఒక్కో జంతువు వయసూ లింగమూ రాసిపెడుతూ తీస్తే దాన్ని నియంత్రణ అనవచ్చు. మిగిలిన నెలల్లో, అడవి లోపల, ఏ రూపంలో తీగ కనిపించినా అది నేరమే అన్న గీత అప్పుడే స్పష్టంగా పడుతుంది. ఈ రోజు ఆ గీత లేదు. అనుమతి రావడానికి పట్టే కాలం పంట చేతికొచ్చే కాలం కంటే ఎక్కువైతే, రైతు దృష్టిలో చట్టబద్ధమైన దారి మూసుకుపోయినట్టే, అప్పుడు తీగ ఒక్కటే కనిపిస్తుంది. కచ్చితమైన గడువుతో అనుమతి ఇవ్వడం, అదే గడువులో పరిహారం చెల్లించడం జంతు రక్షణకు కూడా ఎంతో మేలు చేస్తాయి.

చంపకుండా చేయగలిగినదీ తక్కువేమీ కాదు. రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు పందులను ఆపే పద్ధతుల మీద ఏళ్లుగా పని చేస్తున్నారు. మొక్కజొన్న చుట్టూ ఒత్తుగా ఆముదం వరసలు వేస్తే పంది ముక్కుకు కంకి వాసన సరిగా అందదు. వేరుశనగ చుట్టూ ముళ్ల కుసుమ వేస్తే లోపలికి దూరడానికి వెనకాడుతుంది. ఇవి ఒక్కొక్కటే పూర్తి రక్షణ ఇవ్వవు. పంది తెలివైనది, ఒకే వాసనకూ ఒకే శబ్దానికీ అలవాటు పడుతుంది. అందుకే పద్ధతులను మారుస్తూ, పక్కపక్క రైతులు కలిసి చేయాలి. ఒక్క చేనుకు కంచె వేస్తే పంది పక్క చేనుకు పోతుంది, చుట్టూ ఉన్న నలభై ఎకరాలకు కలిపి సోలార్ కంచె వేస్తే ఎకరానికి పడే ఖర్చు కూడా బాగా తగ్గుతుంది. కంచె పొడవు పొలం చుట్టుకొలతతో పెరుగుతుంది, విస్తీర్ణంతో కాదు. ఒంటరి రైతుకు మోయలేని భారమైనది నలుగురికి సాధ్యమయ్యేది ఈ చిన్న జ్యామితి వల్లే. రాయితీలు కూడా విడివిడి రైతుకు కాకుండా ఇలాంటి గుంపులకు ఇస్తే ఫలితం ఎక్కువ.

చివరికి విజయాన్ని దేనితో కొలుస్తామన్నది తేల్చుకోవాలి. చచ్చిన పందుల సంఖ్యతో కొలిస్తే ఏడాది పొడవునా వేట ఎప్పుడూ గెలుస్తున్నట్టే కనిపిస్తుంది. 8 లక్షలు చంపిన జర్మనీ కూడా ఆ లెక్కలో గెలిచినట్టే. ఇంటికి చేరిన పంటతో, చేనుకు వెళ్లి తిరిగొచ్చిన మనుషులతో, కవ్వాల్ దాకా ప్రాణాలతో నడిచొచ్చిన పులులతో కొలిస్తే అదే వేట మూడు లెక్కల్లోనూ ఓడిపోతుంది. పందిని తగ్గించాలనుకునే రైతుకు, పులిని కాపాడాలనుకునే అటవీశాఖకు మధ్య నిజంగా తగువు లేదు. కాలం, చూపు, లెక్క లేని తీగ ఇద్దరికీ ఉమ్మడి శత్రువు. దాన్ని తీయించాలంటే రైతుకు తీగ కంటే త్వరగా, తీగ కంటే నమ్మకంగా పనిచేసే దారి చూపించాలి. ఆ బాధ్యత అధికారులది, ఆ దారి అడిగి తీసుకోవాల్సిన హక్కు రైతుది.